ప్రయాణంలో ఇంటి సౌకర్యాలు ఎంతవరకు, కొత్తదనం ఎంతవరకు?

హన్మకొండ_పంతులమ్మ
ఉద్యోగ విరమణ అయింది కాబట్టి మా అత్తగారిని, ఆడపడుచును వెంటబెట్టుకుని డిసెంబరులో కాశీకి, అక్కడి నుంచి అమృత్‌సర్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నాను. టూర్ ప్యాకేజీ బస్సులో ఎక్కి, వాళ్లు దింపిన చోట దిగి, పిలవగానే పరుగెత్తే ప్రయాణం మాకు వద్దు. మేమే రైలెక్కుతాము, మేమే గది చూసుకుంటాము, నచ్చిన ఘాట్ మీద నచ్చినంతసేపు కూర్చుంటాము. ఇంతవరకు ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా సంచుల దగ్గర వచ్చింది. సర్వపిండి, సకినాలు, చింతకాయ తొక్కు, పాత చీరలతో కుట్టిన బొంత, నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్ లేకుండా కదలనని అత్తగారు అంటున్నారు. ఇల్లంతా మూటగట్టుకుని వెళ్లేటట్లయితే ఊరు దాటడం ఎందుకని, కొత్త ఊళ్లో అక్కడి తిండి తిని, అక్కడి పడక మీదనే పడుకోవాలని మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఇద్దరి మాటలోనూ నాకు న్యాయం కనిపిస్తోంది. పెద్దవాళ్లతో తిరిగిన అనుభవం ఉన్నవారు ఏవి వెంట ఉంచుకోవాలో, ఏవి వదిలేయాలో చెప్పగలరా?

మంథని_గోదారొడ్డు
మీ అబ్బాయి మాటే నా మాట. తొక్కు సీసా సంచిలో ఉంటే చెయ్యి దానివైపే పోతుంది. కాశీలో పొద్దున్నే గల్లీల్లో వేడి కచౌరీ, జిలేబీ అమ్ముతుంటే గదిలో కూర్చుని సకినాలు నమిలేవాళ్లను నేను చూశాను, నాకు బాధ కలిగింది. చలికాలంలో మాత్రమే దొరికే మలయ్యో అనే తీపి ఒకటి ఉంది. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి లేచిన నురగను మాత్రమే తీసి, కుంకుమపువ్వు, యాలకులు కలిపి మట్టి ముంతల్లో అమ్ముతారు. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయి వాసన, చల్లదనం మాత్రమే మిగులుతాయి. ఎండ ఎక్కితే ఆ నురగ నిలవదు కాబట్టి పొద్దున్నే వెళ్లినవారికే దొరుకుతుంది. అంత దూరం వెళ్లి దాన్ని తినకుండా వస్తే ఆ చలికాలం కాశీని సగమే చూసినట్లు.

కరీంనగర్_వెండితీగ
మంథని గారూ, మీరు చెప్పిన కచౌరీ, జిలేబీ, మలయ్యో మూడూ మా నాన్నగారికి నిషిద్ధమే. చక్కెర వ్యాధి ఉన్నవారికి వేళకు తెలిసిన తిండి కడుపులో పడటం సౌకర్యం కాదు, అవసరం. జొన్న రొట్టెలు, వేయించిన పల్లీలు వెంట ఉన్నందువల్లనే ఆయన రైలు ఆలస్యమైనా కంగారు పడకుండా కూర్చోగలిగారు. దిగిన తర్వాత ఊరంతా ఉత్సాహంగా తిరిగారు కూడా.

మంథని_గోదారొడ్డు
ఆరోగ్యం సంగతి వేరు, ఒప్పుకుంటాను. నేను అన్నది అలవాటు గురించి.

కాజీపేట_రైల్వేక్వార్టర్స్
తిండి వాదన తర్వాత చూద్దాం, ముందు రైలు సంగతి తేల్చుకోండి. కరెంటు కెటిల్ ఇంట్లో పెట్టేయండి. రైల్లో ఉన్న ప్లగ్గులు ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మాత్రమే, వాటికి కెటిల్ తగిలించడం నిప్పు ప్రమాదం, నేరం కూడా. దాని బదులు మంచి స్టీలు ఫ్లాస్కు ఒకటి పెట్టుకుంటే, ప్యాంట్రీ అతన్ని అడిగినా, స్టేషను టీ స్టాలులో అడిగినా వేడినీళ్లు దొరుకుతాయి.

బెర్తుల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. అరవై దాటిన మగవారికి, నలభై ఐదు దాటిన ఆడవారికి కింది బెర్తుల కోటా ఉంటుంది. కానీ ఆ టికెట్టు మీద అర్హత ఉన్నవారు ఒక్కరు గాని, ఇద్దరు గాని ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ముగ్గురినీ ఒకే టికెట్టులో వేస్తే ఆ కోటా లెక్కలోకి రాదు. అందుకని మీకూ అత్తగారికీ ఒక టికెట్టు, ఆడపడుచు గారికి వేరొకటి తీసుకోండి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పొద్దున ఎనిమిది గంటలకు సిద్ధంగా ఉండాలి. నడిమి బెర్తు రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే వేసి ఉంచాలని నిబంధన, కాబట్టి పగటిపూట అత్తగారు నిటారుగా కూర్చోవడానికి ఎవరి దయా అవసరం లేదు.

హైదరాబాద్ వైపు నుంచి బీహార్‌లోని దానాపూర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది. బల్లార్షా, నాగ్‌పూర్, ఇటార్సీ, జబల్‌పూర్ మీదుగా కాశీ పక్కనున్న మొఘల్‌సరాయి చేరుతుంది. 2018 నుంచి ఆ స్టేషను పేరు పండిత్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, బోర్డు మీద పాత పేరు వెతక్కండి.

జనగామ_ఇత్తడి
నాగ్‌పూర్‌లో కమలాపండ్లు కొనడం మరువకండి. చలికాలంలో అక్కడి పండు రుచి మన దగ్గరి బండ్ల మీద దొరికేదానికి రాదు. సంచిలో సకినాలు ఉన్నా, తొక్కు ఉన్నా, కమలాపండుకు చోటు ఎప్పుడూ ఉంటుంది.

పాకాల_గాలి
డిసెంబరు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. డిసెంబరు చివర, జనవరి నెలల్లో ఉత్తరాదిలో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. కాశీ నుంచి అమృత్‌సర్ వెళ్లే దారి అంతా ఆ మంచులోనే ఉంటుంది. నవంబరు చివరి వారాలకు జరుపుకుంటే మంచు ఇంకా చిక్కబడదు, మంథని గారి మలయ్యో కూడా అప్పటికి అంగళ్లకు వచ్చి ఉంటుంది. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు. దేవ దీపావళికి ఘాట్లన్నీ దీపాలతో నిండుతాయి, చూడవలసిన వేడుకే, కానీ అత్తగారిని ఆ తొక్కిసలాటలో నడిపించడం కష్టం, గదులు కూడా దొరకవు.

సింగరేణి_రెండోషిఫ్టు
మంథని గారు తొక్కు సీసా మీద చెప్పిన మాటకు నా జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

భూపాలపల్లి నుంచి మేము కొందరం కుటుంబాలతో బస్తర్ వెళ్లాము. భద్రాచలం దాటి, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరి, అక్కడి నుంచి చిత్రకోట్ జలపాతం చూశాము. వానలు తగ్గిన తర్వాత వెళ్లడం వల్ల నీళ్లు ఎర్రమట్టి రంగు వదిలి తెల్లగా దూకుతున్నాయి. కింద రాళ్ల మధ్య నుంచి నాటుపడవలో జలపాతం దగ్గరి దాకా తీసుకెళ్తారు. మా అమ్మ మొదట పడవ ఎక్కనన్నది. ఒడ్డున బండ మీద కూర్చుని, టిఫిను డబ్బా విప్పి సర్వపిండి ముక్కలు అందరికీ పంచింది, పక్కనే ఉన్న పడవ నడిపే పెద్దాయనకూ రెండు పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేళ్లతో పొడిచిన రంధ్రాలను చూసి, అవి ఎందుకని సైగలతో అడిగాడు. అమ్మకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. ఆ రంధ్రాల్లో నూనె పోస్తే లోపలి దాకా కాలుతుందని ఆమె చేతులతోనే చూపించింది. ఆయన వెంటనే తన మూటలోంచి ఆకులో చుట్టిన ఎర్రచీమల పచ్చడి తీసి ఇచ్చాడు, దాన్ని అక్కడ చాప్రా అంటారు. పుల్లగా, కారంగా, నిమ్మకాయ పిండిన మిరపకాయ తొక్కు రుచి ఉంది. అమ్మ దాన్ని సర్వపిండి మీద రాసుకుని తిన్నది, తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని పడవ ఎక్కింది. నీటి తుంపర మొహాన కొడుతుంటే నవ్వుతూనే ఉంది.

ఆ డబ్బా లేకపోతే మేము డబ్బులిచ్చి పడవ ఎక్కి దిగేవాళ్లం, అంతే. మాకు ఆ పచ్చడి దొరికేది కాదు, అమ్మ పడవ ఎక్కేదీ కాదు. ఇంకొక్క మాట. చిత్రకోట్ దగ్గర దూకే ఇంద్రావతి, కాళేశ్వరానికి దిగువన మన గోదావరిలోనే కలుస్తుంది. ఏటూరునాగారం దగ్గర మనం చూసే నీళ్లలో ఆ నీళ్లు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు, అంత దూరం వచ్చామన్న బెరుకు అమ్మకు పూర్తిగా పోయింది.

మంథని_గోదారొడ్డు
ఈ పోస్టు చదివాక నా మాటను సవరించుకోవలసిన పని లేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే మీ అమ్మగారు చీమల పచ్చడి తిన్నారు. నేను బాధపడేది తినడానికి నిరాకరించేవారిని చూసి. ఒకరికి పెట్టి, వాళ్లు పెట్టింది తినేవాళ్లు ఎన్ని డబ్బాలు తీసుకెళ్లినా నాకు అభ్యంతరం లేదు.

ములుగు_అడవిపూలు
తిండి గురించి ఇంత మాట్లాడారు, ఆడవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది మరుగుదొడ్డి అని ఎవరూ అనలేదు. దారిలో వెళ్లవలసి వస్తుందేమోనని మా అక్క ప్రయాణమంతా నీళ్లు తాగకుండా కూర్చుని, దిగిన ఊళ్లో జ్వరంతో దవాఖానకు వెళ్లింది. ఇది మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు బయటికి చెప్పకుండా పడే బాధ. అందుకని నేను చెప్పే మొదటి సౌకర్యం ఒక చిన్న గుడ్డ సంచి. అందులో కాగితపు సబ్బులు, తుండుగుడ్డ, ఒక చిన్న మగ్గు, జారని రబ్బరు చెప్పులు, చిన్న టార్చి ఉండాలి, అది పెద్ద సంచి అడుగున కాకుండా తల దగ్గరే ఉండాలి. రెండోది, పెద్ద స్టేషన్లలో డబ్బు కట్టి కూర్చునే ఏసీ వెయిటింగ్ హాళ్లు ఉంటాయి. స్నానం చేసి, చీర మార్చుకుని, గంటసేపు నడుం వాల్చే వీలున్న రిటైరింగ్ గదులను టికెట్టు పీఎన్‌ఆర్ నంబరుతో ముందే తీసుకోవచ్చు. ఆ కాస్త ఖర్చుకు వెనకాడవద్దు. నీళ్లు ధైర్యంగా తాగగలిగిన మనిషే కొత్త ఊళ్లో హుషారుగా నడవగలదు.

హన్మకొండ_పంతులమ్మ
అడవిపూలు గారూ, మా ఆడపడుచు మీ పోస్టును రెండుసార్లు చదివించుకుంది. ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి అదే.

సింగరేణి_రెండోషిఫ్టు
దానికి నిద్రను కూడా చేర్చండి. షిఫ్టుల మనిషిగా చెప్తున్నాను, రాత్రి నిద్ర చెడితే మరునాడు ఎంత గొప్ప చోటికి వెళ్లినా కళ్లు చూస్తాయే గాని మనసుకు ఎక్కదు. ఏసీ బోగీలో దుప్పటి, దిండు ఇస్తారు, స్లీపరులో ఇవ్వరు. అత్తగారి బొంతను వదలొద్దు. మెత్తగా ఉంటుంది, మడిస్తే దిండవుతుంది, కాశీ చలికి కప్పుకోవడానికీ పనికొస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది గాని, ఇయర్ ప్లగ్గులు గాని ఉంటే గురక బాధ తప్పుతుంది.

జనగామ_ఇత్తడి
బొంతకు నా ఓటు కూడా.

కరీంనగర్_వెండితీగ
మొఘల్‌సరాయిలో దిగిన తర్వాత మరో రైలు కోసం చూడకుండా ఆటో మాట్లాడుకోండి. రాజ్‌ఘాట్ దగ్గర మాలవీయ వంతెన మీదుగా గంగను దాటిస్తారు. 1887లో తెరిచిన ఆ వంతెనకు కింద రైలు, పైన రోడ్డు ఉంటాయి. నది అక్కడ ఉత్తరానికి తిరుగుతుంది కాబట్టి, నెలవంక ఆకారంలో ఘాట్లన్నీ ఒక్కసారి కనిపిస్తాయి. మా నాన్నగారు ఆటో ఆపించమన్నారు, వంతెన మీద ఆపడానికి వీల్లేదని అతను మెల్లగా నడిపాడు. కాశీలో అన్నిటికన్నా ముందు చూడవలసింది అదేనని నేను అనుకుంటాను, గుడికన్నా ముందే.

మంథని_గోదారొడ్డు
పొద్దున పడవ కూడా. అస్సీ ఘాట్ నుంచి సూర్యోదయానికి ముందు బయలుదేరి దశాశ్వమేధం మీదుగా మణికర్ణిక దాకా వెళ్లి రావచ్చు. మెట్లు దిగేటప్పుడు అత్తగారికి చేతికర్ర ఉండాలి, తడి రాయి మీద కాలు జారుతుంది. ధర పడవ ఎక్కకముందే తేల్చుకోండి.

పాకాల_గాలి
అంత దూరం వెళ్లేముందు ఇక్కడే ఒకరోజు తిరిగి చూడమని నా సలహా. మన ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద టికెట్టుకు డబ్బు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. హన్మకొండ నుంచి ములుగు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి పాలంపేట రామప్పకు చేరండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గోపురానికి వాడిన ఇటుక నీళ్ల మీద తేలుతుందని, పునాది కింద ఇసుక నింపారని వినే ఉంటారు. కానీ అత్తగారితో వెళ్లినప్పుడు మీరు గమనించవలసింది ఆమె ఎంతసేపు నడిస్తే అలసిపోతున్నారో, ఎంతసేపటికి ఆకలి అంటున్నారో, చెప్పులు విప్పి రాతి మీద నడిస్తే మోకాళ్లు ఏమంటున్నాయో. అవి తెలిస్తే కాశీలో రోజుకు ఎన్ని గుళ్లు పెట్టుకోవాలో లెక్క తేలుతుంది. వీలుంటే లక్నవరం వేలాడే వంతెన కూడా ఎక్కించండి. అది ఊగుతున్నప్పుడు ఆమె నవ్వితే గంగలో పడవకు భయపడరు.

కాజీపేట_రైల్వేక్వార్టర్స్
ఇది మంచి మాట. మోకాళ్ల నొప్పులు ఎక్కువని తేలితే ఇంకోసారి నీలగిరి రైలుకు తీసుకెళ్లండి. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్లు, రంపంలా పళ్లున్న పట్టాల మీద ఆవిరి ఇంజను వెనక నుంచి నెడుతూ కూనూరు దాకా ఎక్కిస్తుంది. ఎక్కేటప్పుడు దాదాపు ఐదు గంటలు పడుతుంది. మనిషి కూర్చునే ఉంటుంది, కొండ ఎక్కడం మాత్రం జరిగిపోతుంది.

నిర్మల్_పొనికిచెక్క
అమృత్‌సర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. అక్కడికి వెళ్లేటప్పుడు తిండి డబ్బా గదిలోనే వదిలేయమని నా విన్నపం, దానికి కారణం ఉంది.

స్వర్ణ దేవాలయంలో లంగర్ పగలూ రాత్రీ నడుస్తుంది, ఎవరు వచ్చినా డబ్బు తీసుకోకుండా భోజనం పెడతారు. తలమీద చీర కొంగు గాని, గుడ్డ గాని ఉండాలి. చెప్పులు ఉచితంగా దాచే చోట ఇచ్చి, కాళ్లు కడుక్కుని వెళ్లాలి. లోపల పొడవాటి చాపల మీద అందరూ వరుసగా నేలమీద కూర్చుంటారు. పళ్లెం ఇచ్చేవారొకరు, పప్పు వడ్డించేవారొకరు, రొట్టె ఇచ్చేవారొకరు వరుస వెంట వస్తారు. రొట్టెను పళ్లెంలో వేయరు. మనం రెండు అరచేతులూ కలిపి చాపితే అందులో పెడతారు. మా వదినకు ఇది తెలియక ఒక చెయ్యి చాపింది. వడ్డించే అబ్బాయి ఏమీ అనకుండా నిలబడి, ఆమె పక్కవారిని చూసి రెండో చెయ్యి కలిపిన తర్వాత రొట్టె పెట్టి ముందుకు కదిలాడు. ఆమె ఆ రొట్టెను కొంతసేపు చేతుల్లోనే ఉంచుకుంది. ఇంట్లో అందరికీ వడ్డించి చివర తినే మనిషికి, తాను కూర్చుని ఉండగా ముక్కూమొహం తెలియని వారు వచ్చి, చేతుల్లో అన్నం పెట్టి మళ్లీ కావాలా అని అడగడం ఎంత పెద్ద సంగతో ఆమె మొహం చూస్తే తెలిసింది. అటువంటి చోట మనకు అలవాటైన రుచి అడ్డు రాకూడదు.

పెద్దవారు నేల మీద కూర్చోలేకపోతే ముందే చెప్పండి, పక్కన వీలు చూపిస్తారు. అక్కడ చలి మనకు అలవాటు లేనంత ఉంటుంది, గుడిలో చెప్పులు లేకుండా పాలరాయి మీద నడవాలి కాబట్టి పొద్దున, రాత్రి కాకుండా ఎండ పడే వేళ వెళ్లండి.

మంథని_గోదారొడ్డు
పొనికిచెక్క గారూ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీరు రాశారు.

సింగరేణి_రెండోషిఫ్టు
నేను కూడా ఒప్పుకుంటాను, కాకపోతే ఒక షరతు. రైల్లో, గదిలో, దారిలో డబ్బా ఉండాలి. మనుషులు కూర్చోబెట్టి పెట్టేచోట డబ్బా మూసి ఉంచాలి. పడవ దగ్గర డబ్బా తెరవడానికి, లంగర్‌లో మూయడానికి కారణం ఒకటే, ఎదుటివారితో కలవడం.

హన్మకొండ_పంతులమ్మ
మీ అందరి పోస్టులనూ సాయంత్రం అత్తగారికి చదివి వినిపించాను. నవంబరు చివరికి జరుపుకుంటున్నాము. కెటిల్ మానేసి ఫ్లాస్కు పెట్టుకోవడానికి ఆమె ఒప్పుకున్నారు. టికెట్లు కాజీపేట గారు చెప్పినట్లే వేరువేరుగా తీస్తాము. మా అబ్బాయి ఎర్రచీమల పచ్చడి సంగతి విని, వచ్చే ఏడాది నానమ్మను తానే బస్తర్ తీసుకెళ్తానంటున్నాడు. ఇప్పుడు మిగిలినవి రెండు ప్రశ్నలు. సర్వపిండి ఎన్నాళ్లు నిలుస్తుంది? లంగర్‌లో తినడంతో సరిపెట్టకుండా తానూ ఏదైనా పని చేయాలని అత్తగారు అంటున్నారు, వయసు మళ్లినవారిని చేయనిస్తారా?

ములుగు_అడవిపూలు
ఉల్లికాడలు, ఉల్లిపాయ వేయకుండా, పిండి గట్టిగా కలిపి, గంజులో పలుచగా ఒత్తి, రంధ్రాల్లో నూనె పోసి సన్న సెగ మీద కరకరలాడేదాకా కాల్చండి. పూర్తిగా చల్లారిన తర్వాతే డబ్బాలో పెట్టాలి, వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి మరునాటికే వాసన వస్తుంది. ఇలా చేస్తే రెండు రోజులకు భయం లేదు, అంటే కాశీ దాకా సరిపోతుంది. అక్కడి నుంచి అమృత్‌సర్ రైలుకు సకినాలు ఉంచండి, అవి వారాలు నిలుస్తాయి.

నిర్మల్_పొనికిచెక్క
తప్పకుండా చేయనిస్తారు. పేరు రాయించుకోవడం, అనుమతి తీసుకోవడం ఏమీ ఉండదు. తల కప్పుకుని, చేతులు కడుక్కుని వెళ్లి కూర్చోవడమే. గిన్నెలు తోమే చోట, పెద్ద పెనాల దగ్గర నిలబడి పని చేయాలి కాబట్టి అత్తగారికి కష్టం. వెల్లుల్లి ఒలిచేవాళ్లు, కూరగాయలు తరిగేవాళ్లు, రొట్టెలు ఒత్తేవాళ్లు గుంపులుగా కూర్చునే ఉంటారు, వాళ్లలో ఆమె వయసువారు చాలామంది కనిపిస్తారు. జొన్న రొట్టె చేతితో తట్టే అలవాటున్న మనిషికి గోధుమ రొట్టె ఒత్తడం పెద్ద పని కాదు. పక్కన కూర్చుని రెండు రొట్టెలు ఒత్తితే భాష రాకపోయినా వాళ్లే జరిగి చోటిస్తారు.